తలుపు లోపలి రాత

అక్టోబరు రెండున దసరా. అదే రోజు గాంధీ జయంతి కావడంతో మటన్ ముందురోజే తెచ్చి పెట్టుకుని, రామచంద్రం తల్లి శంకరవ్వ చేసిన గారెలతో తిన్నారు. మర్నాడు పొద్దున స్విచ్చి వేస్తే షెడ్డులోని జర్మనీ మగ్గం ఒక్క పోటు వేసి ఆగిపోయింది. ఆరు వారాలైనా రెండో పోటు వేయలేదు.

"రేపు పొద్దుగాల తుక్కు సేటు లారీ తెస్తుండు బావా," అన్నాడు నాగరాజు, షెడ్డు గుమ్మంలో నిలబడి. "మాట ఇచ్చిన. ఇగ అడ్డం చెప్పకు."

రామచంద్రం మగ్గం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో నోటుబుక్కు, చెవి దగ్గర ఫోను. ఫోన్లో ఒకావిడ జర్మన్ మాటలు ఒక్కొక్కటే పలుకుతుంటే వెనకాలే తనూ పలుకుతున్నాడు.

"ఒక్క ముక్క మిగిలింది నాగరాజు. జర ఆగు."

"యాభై ఎనిమిదేండ్లకు ఓనమాలా! సిరిసిల్లంత నిన్ను జర్మనీ పంతులంటున్నరు. మా అక్క బతికుంటే సంచి సదిరి గా దేశానికే తోలుతుండె."

"తోలుతుండె," రామచంద్రం నవ్వాడు. "తొవ్వకు సద్ది గూడ కడ్తుండె."

నాగరాజుకు నవ్వు రాలేదు. "బాలమల్లు గూడ రేపటి బస్సుకే భీవండి మిల్లులకు పోతుండు. నడిపే మగ్గమే లేకుంటే గాయన ఈడుండి ఏం జేస్తడు?"

మగ్గం పక్కన కరెంటు పెట్టెకు చిన్న ఇనుప తలుపు ఉంది. దాని లోపలివైపు పెన్సిల్‌తో జర్మన్‌లో మూడు ముక్కలు రాసి, కింద 'కుర్ట్' అని సంతకం. ఈ మగ్గం చేతులు మారి ఇక్కడికి రాకముందు అక్కడెక్కడో దాన్ని నడిపిన మనిషి అయి ఉండాలి. సగం చెరిగిన ఆ కలిపిరాత ఫోన్ కెమెరాకు అందలేదు. అడిగిన ప్రతిసారీ ఒక్కో కథ చెప్పింది. మెకానిక్ వచ్చి, వైర్లన్నీ బాగానే ఉన్నాయని చెప్పి పోయాడు. మగ్గం గుట్టు ఆ రాతలోనే ఉండొచ్చని, చివరికి రామచంద్రమే జర్మన్ నేర్చుకోవడానికి కూర్చున్నాడు.

జర్మన్‌లో ప్రతి పేరూ పెద్ద అక్షరంతోనే మొదలవుతుందని మొదటివారం తెలిసింది. రాజుకే కాదు, చీపురుకూ అదే మర్యాద. ఆ పెద్ద అక్షరాలను పట్టుకునే తలుపు మీద మాటలు ఏరుకున్నాడు. మూడోవారంలో మొదటి ముక్క తెలిసింది: 'నూనె పొద్దున్నే పోయాలి.' ఎన్నడూ చూడని మనిషి వచ్చి భుజం పక్కన నిలబడినట్టుంది. రెండోది ఐదోవారంలో విడిపడింది: 'చలికి మొరాయిస్తే ఆమెను తిట్టకు.'

ఆ సంగతి విని శంకరవ్వ బుగ్గలు నొక్కుకుంది. "మగ్గాన్ని ఆమె అన్నడా?"

"వాళ్ల భాషల ఇది ఆడిదేనే అవ్వా."

"మరి నేను తల్లీ అనే మొక్కుతున్నగద!"

మొక్కడమంటే మాటలతో కాదు. దసరా నాడు మగ్గం నుదుట పసుపు రాసి బొట్టు పెట్టింది. అది ఆగిపోయాక, కోపం తీరాలని ప్రతి శుక్రవారం దానిమీదే ఇంకో పూత. మెకానిక్ కూడా ఆ బొట్టుకు దండం పెట్టుకునే పని మొదలుపెట్టాడు. ఈరోజు శుక్రవారం. సాయంత్రం శంకరవ్వ కుంకుమ భరిణెతో వచ్చి మళ్లీ పెట్టింది.

మూడో ముక్కలో పెద్ద అక్షరాల మాటలు నాలుగు. మూడు నిన్ననే తెలిశాయి గానీ ఒకదానికొకటి పొసగలేదు. నాలుగోది ఇప్పుడు ఫోన్లోని ఆవిడ పలికింది. రామచంద్రం తలుపు దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి మొదటినుంచీ చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అవ్వా, జర చాయ్ పెడ్తవా?"

ఆమె ఇంట్లోకి వెళ్లేదాకా ఆగి, తువ్వాల కొంగు తడిపి మగ్గం నుదురు తుడవసాగాడు.

"ఏందే బావా! పండుగ బొట్టు తుడుస్తున్నవ్!"

"మెల్లగ."

ఆరు వారాల పసుపూ కుంకుమా పెచ్చులుగా ఊడివచ్చాయి. కింద రూపాయి బిళ్లంత గాజు. దారం తెగితే కనిపెట్టి మగ్గాన్ని ఆపే కన్ను అది. ఏమీ కనబడక ఇన్నాళ్లూ ఆపుతూనే ఉంది.

రామచంద్రం అవ్వ వదిలివెళ్లిన భరిణె తీసి, గాజుకు జానెడు కింద ఇనుము మీద తన వేలితోనే కొత్త బొట్టు పెట్టాడు. అప్పుడు స్విచ్చి వేశాడు.

ఒక పోటు. రెండు. పది. షెడ్డు అదిరింది. నాగరాజు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

చాయ్ గ్లాసులతో శంకరవ్వ ఉరికి వచ్చింది. "నేను చెప్పలే? ఇయ్యాల బొట్టు దండిగ పెట్టిన!"

"అవునే అవ్వా," అన్నాడు రామచంద్రం, గాజుకు అడ్డంగా నిలబడి. "నీ చెయ్యి చల్లంగుండ."

నాగరాజు సేటుకు ఫోన్ చేసి లారీ వద్దన్నాడు. బాలమల్లుకు చేసి బస్సు ఎక్కొద్దన్నాడు. పొద్దు గుంకాక మగ్గం ఆపి, శంకరవ్వ లోపలికి వెళ్లాక, బావ పక్కకు చేరాడు.

"నిజం చెప్పు బావా. గా జర్మనీ ఆయనకు మన బొట్టు సంగతి ఎట్ల ఎరుక?"

రామచంద్రం ఇంటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి మూడో ముక్క చదివాడు.

"'పండుగకు మా అమ్మ దీని కంటిమీద బంగారు నక్షత్రం అంటించింది. తీసి కింద అంటించాను. అమ్మకు చెప్పకండి.'"

చదివి, ఆ చిన్న తలుపును చప్పుడు కాకుండా మూసేశాడు.