గోడ వెనక

“ఒక్కసారి నా తలకి పెట్టండి బాబూ, చూసి ఇచ్చేస్తాను,” అంటూ పల్లె నుంచి జంతికలు అమ్మడానికి వచ్చే సువార్తమ్మ ఆ హెల్మెట్టు పట్టుకుని వదల్లేదు.

నెట్ సెంటర్ అప్పాజీ ఇవ్వడానికి వెనకాడాడు. అది ఇంకా తనది కాదు. ఓడ మీద పనిచేసే పల్లంరాజు సింగపూర్ నుంచి తెచ్చాడు. నచ్చితే ఉంచుకో, లేకపోతే సాయంత్రం పట్టుకుపోతానన్నాడు. తలకి తగిలించుకుంటే కంప్యూటర్లో ఆట చుట్టూతా కనిపిస్తుంది, తల ఎటు తిప్పితే అటు. నలుగురైదుగురు కలిసి కాల్చుకునే తుపాకుల ఆట ఇందులో నడిస్తే కాకినాడ కుర్రాళ్ళంతా తన దగ్గరికే వస్తారని అప్పాజీ ఆశ.

పొద్దున అచ్చిబాబు చేత ఆడించి చూశాడు. స్క్రీన్ మీదయితే అచ్చిబాబు తుపాకి గుళ్ళకి ఎదురెళ్ళే రకం. హెల్మెట్టు పెట్టుకున్నాక మాత్రం గోడ వెనక నించి కదల్లేదు. కొత్త పెళ్ళికూతురని మిగతావాళ్ళు ఏడిపించారు. తల తిరుగుతోందని చెమటలు తుడుచుకుంటూ లేచిపోయాడు.

“మీకెందుకు పిన్నిగారూ ఇది?” అన్నాడు అప్పాజీ.

“మా అబ్బాయి విజయ్ పాల్‌ని మిలట్రీవాళ్ళు బోర్డర్లో వేశారు కదండీ. చీకటి పడితే పెరట్లోకి కూడా నేను తోడెళ్ళాలి వాడికి. అలాంటి చోట మనిషికి భయం వేస్తుందో లేదో నాకు తెలియాలండి.”

సెలవుకి వచ్చాడా అని అడిగితే, రాలేదంది.

అప్పాజీ ఇంక కాదనలేకపోయాడు. షాకు కొట్టదు కదా, కళ్ళు పోవు కదా అని రెండేసి సార్లు అడిగి, సువార్తమ్మ కొంగు నెత్తిమీద కప్పుకుని ప్రార్థన చేసుకుంది. ఆ కొంగు మీదే హెల్మెట్టు పెట్టించుకుంది. అచ్చిబాబూ ఇంకో ముగ్గురూ స్క్రీన్ల ముందు కూర్చున్నారు. ఎవరికి వారే, చివరికి మిగిలినవాళ్ళు నెగ్గినట్టు.

ముందు ఆవిడ తల మెల్లగా తిప్పి అంతా చూసింది. రాళ్ళు, ఇసక, ఒక మొండిగోడ. ఇక్కడ తాగడానికి నీళ్ళెక్కడివండీ అని అడిగింది. అంతలో ఒక గుండు వచ్చి గోడకి తగిలింది. సువార్తమ్మ కుర్చీలోంచి కింద కూలబడింది. ఆటలో కూడా గోడ వెనకే ఉండిపోయింది. చేతిలో తుపాకీ ఉన్న సంగతే ఆవిడకి పట్టలేదు. అవతల నలుగురూ ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నారు, ఆఖరి ఇద్దరూ ఒకేసారి పోయారు.

పిన్నిగారు నెగ్గేశారని అచ్చిబాబు చప్పట్లు కొట్టాడు. అప్పాజీ మాత్రం హెల్మెట్టు తీసి నీరసంగా అట్టపెట్టెలో సర్దేశాడు.

“ఇందులో ఈ ఆట నడవదండి,” అన్నాడు. “ప్రాణభయం నిజంగానే వచ్చేస్తోంది. ఎవడూ గోడ దాటట్లేదు.”

సువార్తమ్మ ఇంకా కిందే కూర్చుని ఉంది. “అందరికీ అంతేనా బాబూ?”

“ఎంత మొనగాడికైనా అంతేనండి.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

“అయితే మావాణ్ణి పెట్టెలో పెట్టి తెచ్చిన ఆఫీసరుగారు నాతో అబద్ధం చెప్పారండి. భయమన్నదే లేకుండా గోడ దాటాడన్నారు.”