మావయ్య నాలుగో తమాషా

“పొట్ట లోపలికి పీల్చు మావయ్యా, బెల్టు అందట్లేదు.”

“బెల్టే పొట్టిదే అమ్మడూ. నా పొట్ట ఎప్పుడూ ఇంతే.”

మేనకోడలు నవ్వుతూ బెల్టు లాగి, అతని చొక్కా జేబు మీదుగా సర్ది, అరచేత్తో తట్టి, టక్కున తగిలించింది.

“బీపీ మాత్ర వేసుకున్నావా?”

“వేసుకున్నానే తల్లీ! మా అక్క ఒక్కత్తే చాలదన్నట్టు మళ్ళీ నువ్వొకత్తివి. పోనీ బండి.”

కారు వీధి మలుపు తిరిగింది. మావయ్య బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు స్పానర్ తిప్పి రిటైరైన మనిషి. చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది గానీ, కొంటెతనం మాత్రం ఎక్కడా ఆగలేదు. ఒకరోజు పక్కనే వెళ్తున్న లారీ టైరు ఢామ్మని పేలినప్పటినుంచి అమ్మడు ఏడాదిపాటు స్టీరింగ్ ముట్టుకోలేదు. బతిమాలి, ఉడికించి, ఆమెని మళ్ళీ ఆ సీట్లో కూర్చోబెట్టింది ఈ మావయ్యే. రేపటినుంచి ఆమెకి బ్లడ్ బ్యాంకు వ్యాను నడిపే ఉద్యోగం.

“నడిరోడ్డు మీద వ్యాను మొరాయిస్తే, రక్తం సీసాలు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తావా?” అంటూ గడిచిన మూడు ఆదివారాలూ మూడు తమాషాలు చేశాడు. మొదటివారం టైరు వాల్వు వదులు చేశాడు. రెండోవారం బ్యాటరీ వైరు ఊడదీశాడు. మూడోవారం ఫ్యూజు పీకి దాచాడు. ప్రతిసారీ అమ్మడు చెమటలు కక్కుతూ బాగుచేస్తుంటే, తను గట్టు మీద కూర్చుని, చొక్కా జేబులోంచి బిస్కెట్ పాకెట్ తీసి కరకర నమిలేవాడు.

“నాకొకటి పెట్టొచ్చుగా!”

“బండి కదిలాకే కూలి. కానీ, కానీ.”

అయితే బ్రేకుల జోలికి, స్టీరింగ్ జోలికి మాత్రం అతను చచ్చినా వెళ్ళడు. అది అతను తనకి తాను పెట్టుకున్న కట్టడి. ఎవరికీ చెప్పలేదు. ఇవాళైతే అసలే తమాషా లేదు. చివరి పాఠం కదా, హాయిగా ఓ చుట్టు తిరిగొద్దామనుకున్నాడు.

వంతెన మీంచి కిందికి దిగుతున్నారు.

“మావయ్యా... బ్రేకు పడట్లేదు.”

అమ్మడి కాలి కింద పెడల్ నేలకి అంటుకుపోయింది. కింద సిగ్నల్ దగ్గర బళ్ళు బారులు తీరి ఉన్నాయి.  మావయ్య అమ్మడి మొహం చూశాడు. లారీ టైరు పేలిన రోజు ఎలా పాలిపోయిందో అలాగే ఉంది. ఇప్పుడు బెదిరిందంటే రేపటి ఉద్యోగం సంగతి దేవుడెరుగు, చేతిలో ఉన్న స్టీరింగే జారిపోతుంది.

అందుకే పగలబడి నవ్వాడు.

“పట్టేశావా! ఇదే నాలుగో తమాషా!”

అమ్మడు ఒక్క క్షణం అతనివైపు చూసింది.

“బ్రేకులతోనా? సిగ్గులేదూ నీకు?”

“పరీక్ష పెట్టినవాణ్ణి తిట్టకూడదు. ఏం చేస్తావో చెయ్యి.”

“చేస్తాగా! నువ్వు మాత్రం కళ్ళు మూసుకుని గట్టిగా లెక్కపెట్టు. ఎంతలో ఆపానో తేలాలి. కళ్ళు తెరిచావో, తొండి!”

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఒకటి, రెండు... పెడల్ని టపటపా తొక్కుతున్న చప్పుడు. మూడు, నాలుగు... ఇంజన్ గుర్రుమంది. మూడో గేరు. కీ ఆపలేదు, బంగారు తల్లి! ఆపి ఉంటే స్టీరింగ్ బిగుసుకుపోయేది. ఆరు, ఏడు... ఆగకుండా హారన్, దానికి తోడు నాలుగు లైట్ల టిక్కు టిక్కు. తొమ్మిది... రెండో గేరు. హ్యాండ్ బ్రేకు కర్రుమంటూ కొంచెం కొంచెంగా పైకి లేస్తోంది, ఒక్కసారిగా గుంజలేదు. పన్నెండు... టైరు ఫుట్‌పాత్ అంచుని రాసుకుంది. ఏదో మెత్తగా అడ్డుపడింది.

“పధ్నాలుగు!”

“ఇక తెరువు.”

రోడ్డు పనికోసం పోసిన ఇసక గుట్టలో కారు ముక్కు కూరుకుపోయి ఉంది. సిగ్నల్ దగ్గర ఆగిన బళ్ళ వరస ఇంకా ముప్పై అడుగుల దూరంలో ఉంది.

“దిగి ఫుట్‌పాత్ పక్కనున్న ఆ గోడ అవతలికి వెళ్ళి నిలబడు,” అంటూ అమ్మడు కూడా అతని వైపు తలుపులోంచే దిగింది. డిక్కీలోంచి ఎర్ర త్రికోణం తీసి, బాగా వెనక్కి నడిచి రోడ్డంచున నిలబెట్టింది. మెకానిక్‌కి ఫోన్ చేసింది. ఆ తర్వాత తల్లికి.

“అమ్మా, నీ తమ్ముడు ఈసారి బ్రేకులు పీకాడు!”

ఫోన్లోంచి అక్క పెట్టిన చీవాట్లు గోడ అవతలిదాకా వినిపించాయి.

మెకానిక్ వచ్చి కారు కిందికి దూరి బయటికొచ్చాడు. మావయ్య ముందే ఎదురెళ్ళాడు.

“బ్రేకు పైపు పగిలింది బాబాయ్. ఆయిలంతా కారిపోయింది. ఎలా బతికారసలు?”

“ష్! నేనే వదులు చేశానని చెప్పు.”

“అదేంటి?”

“నిజం తెలిస్తే అది రేపు వ్యానెక్కదురా!”

మెకానిక్ బుర్ర గోక్కుని, గొంతు పెంచాడు. “ఇదంతా మీ మావయ్య చలవేనమ్మా!”

“అనుకున్నా,” అంటూ అమ్మడు మావయ్యకి నీళ్ళ సీసా అందించింది.  మూత కూడా తనే తిప్పి ఇచ్చింది.

“మార్కులెన్ని మావయ్యా?”

“నూటికి తొంభై. తిట్టినందుకు పది కోత. రేపు వ్యానెక్కుతావుగా?”

“ఎక్కకేం? ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏం పెడతారు?”

మావయ్య అప్పుడు మనసారా ఊపిరి తీసుకున్నాడు. గటగటా నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంటూ ఆగాడు.

“అవునుగానీ, నన్ను కళ్ళెందుకు మూసుకోమన్నావే?”

“నీ బీపీ కోసం.”

“నేను చేసిన తమాషాకి నాకెందుకే బీపీ?”

అమ్మడు అతని చొక్కా జేబు మీద మెల్లగా తట్టింది.

“ఇవాళ నువ్వు బిస్కెట్లు తెచ్చుకోలేదుగా, మావయ్యా.”