రెండో పేజీ

మార్చి పన్నెండు. పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు అందరి ముందూ నవ్వారు. "ఏమ్మా, దుప్పట్ల గదిలో దాక్కుని ఏడుస్తావట?"

ఆ సంగతి నేను చెప్పింది మా హౌస్‌సర్జన్ల కోసం పెట్టిన కౌన్సెలర్ అక్క ఒక్కదానికే.

మధ్యాహ్నం ఆమె గదికెళ్లాను. "నమ్మించి గొంతు కోశావు కదక్కా!"

ఆమె తలెత్తకుండా, మొదటి రోజు నాతో సంతకం పెట్టించిన ఫారం తీసింది. రెండో పేజీలో, ఇక్కడ చెప్పినవన్నీ పెద్ద డాక్టరుగారికి పంపుతారని ఉంది. కింద నా సంతకం.

"మామూలు ఫారమే అన్నావుగా!"

"చదువుకున్న పిల్లవి, చూసుంటావనుకున్నా."

తిరిగి వార్డుకొచ్చాను.

నిన్న ఏడో మంచం అవ్వ ఆపరేషన్ ఒప్పుకోలు ఫారం చూసి అడిగింది, "ఏం రాశారే పిల్లా ఇందులో?"

"మామూలు ఫారమే, వేలిముద్ర వెయ్యవ్వా," అన్నాను.

రేపు పదింటికి ఆమెకి ఆపరేషన్. ఏడింటికే వెళ్లి, ఆ ఫారం మొదటి నుంచి చదివి వినిపిస్తాను.