చక్రమ్మకు ఆముదం

"చెప్పులు ఇడ్శి రా," అంది దేవవ్వ తలెత్తకుండానే.

అజీముద్దీన్ చెప్పులు విడిచాడు. రావడం ఇది మూడోసారి. ఈసారి చేతిలో కొబ్బరికాయ కూడా ఉంది. వేపచెట్టు కింద మనిషెత్తు ఇనుప చక్రం ఒళ్లంతా పసుపు పూసుకుని నిలబడి ఉంది. దేవవ్వ దాని ఇరుసులో ఆముదం పోస్తోంది. శనివారం శనివారం ఆమె చేసే పూజ అదొక్కటే. నైవేద్యం లేదు, జాతర లేదు. అయినా చక్రమ్మంటే ఊరంతటికీ హడలే.

మంచిర్యాల దగ్గర గోదావరి ఇసుకలో బయటపడ్డ పాత పొగపడవను బాగుచేస్తున్నది అజీముద్దీనే. కరీంనగర్‌లో అతనికి ఇనుప పనుల షెడ్డుంది. ఆ పడవకు రెండు పక్కలా నీటిని తోసే చక్రాలుండాలి. ఒకటి పడవతోనే దొరికింది. రెండోది ఎన్నడో ఊళ్లోకి చేరి ఇలా దేవతైంది. వానల్లోపు పడవ కదలకపోతే తుక్కు కింద వేలం వేస్తామని, పని అప్పగించిన ఆఫీసువాళ్లు తేల్చేశారు. ఏడాది చాకిరీ గోదాట్లో కలుస్తుంది. అలాగని ఒక సాయిబు అమ్మవారిని పెకిలిస్తే ఊరు ఊరుకుంటుందా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అవ్వా, గుడి నేనే కట్టిస్త. చక్రం ఇయ్యి."

"నీది తుక్కు దుకాణమంట గద?"

"ఎవలన్నరు? నేను రిపేర్లు చేస్తనవ్వా."

"అయితే పడవ సూపియ్యి."

ఆటోలో ఏటి ఒడ్డుకు తీసుకెళ్లాడు. దేవవ్వ పడవంతా తడిమి చూసింది. బాయిలరు దగ్గర, తన బాపు అక్కడే నిలబడి బొగ్గు వేసేవాడని చెప్పింది. చివరికి మొదటి చక్రం ముందు ఆగింది. అది తుప్పు తిని జల్లెడైంది, సగం అతుకులే.

"పాపం, దీనికి నూనె పోసెటోల్లు లేకపాయిరి," అని నిట్టూర్చింది. "గీ పడవ మల్ల నీళ్లల్ల తిరుగుతదా?"

"నువ్విస్తె తిరుగుతది."

"అయితే తీస్కపో."

అజీముద్దీన్ సంతోషం పట్టలేక ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. మరుక్షణం చటుక్కున వదిలేశాడు.

"అమ్మోరికి కోపం రాదా అవ్వా?"

దేవవ్వ జిడ్డు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"గా పసుపు, తుక్కోల్లు ముట్టద్దని మా బాపు పూసిందే."