పాలు చేపిన పాట

ఒంటె మళ్ళీ పిల్లను తన్నింది.

పిల్ల తడబడుతూ లేచింది. పొదుగు వైపు మూతి చాచేసరికి తల్లి పక్కకు జరిగి పళ్ళు బయటపెట్టి అరిచింది.

"తొలి కాన్పు. మస్తు తిప్పలవడ్డది. ఆ కోపమంత పిల్ల మీద తీస్తున్నది," అన్నాడు ముత్యం. అరబ్బు దేశంలో షహానియా దగ్గరి ఆ ఫామ్‌లో ఒంటెలను చూసుకునేది అతనే. సొంతూరు నిర్మల్ పక్కన. "సీసాతోని పాలు తాపుతున్న. గట్ల ఎన్నొద్దులు బతుకుతది?"

సుహాసిని పిల్ల డొక్కల వైపు చూసింది. సిటీలో, అల్ ఘర్రాఫాలో ఉన్న ఆ ఫామ్ యజమాని ఇంట్లో ఆమె పనిమనిషి. శుక్రవారం సెలవు కదా, మేడమ్ పిల్లలను చూసుకోవడానికి వెంట వచ్చింది.

ఆ రోజు వాళ్ళతో ఒక అతిథి కూడా ఉంది. పేరు ఒయూన్. మంగోలియా మనిషి. ఏడాది చివర్లో ఆ దేశంలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్. వచ్చే జనానికి దేశదేశాల ఆటపాటలు చూపించాలని మేడమ్ ఆఫీసు వాళ్ళు రిహార్సల్స్‌కు ముందే పిలిపించిన కళాకారుల్లో ఆమె ఒకతె.

ఒయూన్ ఆ తల్లినీ పిల్లనూ కాసేపు చూసింది. కారులోంచి తన వాయిద్యం తెచ్చుకుంది. రెండే తీగలు, అవి కూడా గుర్రం తోక వెంట్రుకలు. పైన చెక్కతో చేసిన గుర్రం తల.

"మా గోబీ ఎడారిలో ఇలాంటి తల్లికి పాట పాడతాం," అంది ఇంగ్లీషులో.

సుహాసిని తెలుగులో చెబితే ముత్యం నవ్వాడు. "పాటకు ఒంటె పాలిస్తదా?"

ఒయూన్ నీలం గుడ్డతో వాయిద్యాన్ని ఒంటె మూపురానికి వేలాడదీసింది. గాలికి తీగలు సన్నగా మూలిగాయి. ఒంటె చెవులు రిక్కించింది. అప్పుడు దాన్ని తీసి, పక్కనే కూర్చుని వాయిస్తూ పాట ఎత్తుకుంది.

"ఖూస్... ఖూస్... ఖూస్..."

అదొక్కటే మాట. ఎంతసేపటికీ అదే. మేడమ్ పిల్లలు విసుగొచ్చి ఆడుకోవడానికి వెళ్ళిపోయారు. ఎండ వాలింది. ఒయూన్ గొంతు మాత్రం ఆగలేదు.

ఒంటె కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ముత్యం మెల్లగా పిల్లను దగ్గరికి తోశాడు. తల్లి తన్నలేదు. మెడ వంచి పిల్లను వాసన చూసింది. పాలు చేపింది.

మేడమ్ వీడియో తీస్తూనే కళ్ళు తుడుచుకుంది. ముత్యం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడవనిది సుహాసిని ఒక్కతే. ఆమె పెదవులు కదులుతున్నాయి.

"తల్లి సచ్చిన పిల్లకు ఏం జేస్తరో అడుగు," అన్నాడు ముత్యం.

అడిగింది.

"ఇంకో ఒంటె ముందు పాడతాం. అదే పాట," అంది ఒయూన్.

"ఆ 'ఖూస్'కు అర్థం?" అంది సుహాసిని.

"ఏమీ లేదు. ఓపిక ఉంటే చాలు."

"నాకు నేర్పు." సుహాసిని ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంటి కాడ నా బిడ్డ ఉన్నది. పాలు మరవకముందే ఇడిసిపెట్టి వచ్చిన."

ఒయూన్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. కారు బయలుదేరేదాకా నేర్పింది.

మర్నాడు మధ్యాహ్నం మేడమ్ పడుకున్నాక సుహాసిని వంటింట్లోంచి కోరుట్ల దగ్గరి తన ఊరికి వీడియో కాల్ చేసింది. ఎప్పటిలాగే అత్త గంగామణి ఎత్తింది. భర్త గజేందర్ ఫోన్ దగ్గరికి రావడం మానేసి చాలా కాలమైంది.

అత్త పక్కన మూడేళ్ళ లాస్య కనిపించింది. జుట్టు అట్టలు కట్టింది. బుగ్గలు పీక్కుపోయాయి.

"సరిగ తింటలేదు బిడ్డా. నా నడుము లేస్తలేదు. నేనేం జెయ్యాలె?" అంది గంగామణి.

"సౌండు పెద్దగ పెట్టు అత్తమ్మా. ఫోను తలుపు కాడ పెట్టు, ఇనబడాలె."

సుహాసిని పాడింది. గొంతు కుదరలేదు. అయినా పాడింది.

"దుబాయ్‌ల గిసుంటి పాటలు గూడ నేర్పుతరా?" అని ఆశ్చర్యపోయింది గంగామణి. అరబ్బు దేశం ఏదైనా ఆమెకు దుబాయే.

"ఇన్నదా?"

"ఏడ ఇన్నది? మొఖం తిప్పుకొని అర్రలకు వోయింది."

మర్నాడూ పాడింది. చెవులు మూసుకుందని చెప్పింది అత్త. ఆ తర్వాత కూడా పాడింది. ఉల్లిగడ్డలు కోస్తూ, బట్టలు మడత పెడుతూ పాడింది. మేడమ్‌ను సెలవు అడిగింది.

"వరల్డ్ కప్ అయ్యాక చూద్దాం. ఇల్లంతా గెస్టులు వస్తారు. ఇప్పుడు లీవు మాఫీ, లేదంటే లేదు," అంది మేడమ్. "నీ పాట చాలా బాగుంది. పిల్లలు దానికే నిద్రపోతున్నారు."

ఎండలు ముదిరాయి. రిహార్సల్స్ ముగించుకుని ఒయూన్ తన దేశానికి వెళ్ళింది. ఫామ్‌లో ఒంటెపిల్ల తల్లి వెంట పరిగెడుతోందని ముత్యం వీడియో పంపాడు. సుహాసిని దాన్ని పూర్తిగా చూడలేకపోయింది.

ఒకరోజు గంగామణి గొంతు తగ్గించి చెప్పింది. "ఇయ్యాల కూసున్నది. ఇటు చూస్తలేదు గని, ఇంటున్నది."

సుహాసిని ఫోన్‌కు ఇంకా దగ్గరగా జరిగింది. పాట ఆపలేదు.

ఇంకో రోజు, "కండ్లల్ల నీళ్ళు దీసుకున్నదే," అంది అత్త. సుహాసిని పొయ్యి కట్టేసి నేల మీద కూలబడిపోయింది. లోపల్నుంచి మేడమ్ పిలిస్తే, మొహం కడుక్కుని వెళ్ళింది.

ఆ వారంలోనే గంగామణి తానే ఫోన్ చేసింది. "నీ పాట పనిజేసింది బిడ్డా. సూస్తవా?"

సుహాసిని తడి చేతులు చున్నీకి తుడుచుకుని ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. "సూపియ్యి అత్తమ్మా."

గంగామణి ఫోన్ తిప్పింది.

లాస్య ఒకామె ఒళ్ళో కూచుని ఆబగా అన్నం తింటోంది, ముద్దలు కలిపి పెడుతున్నది సుహాసిని ఇన్నాళ్ళూ ఎవరికి వినిపించాలని పాడిందో ఆ మనిషి, నిరుడు గజేందర్ కట్టుకుని తెచ్చుకున్న రెండో పెళ్ళాం.