సీలు సీసా

“తీస్కపో కాకా! గంగయ్య ఇంటి కల్లు నా గొంతు దిగదు. నా పిల్ల ఆ ఇంటికి పోదు!”

సమ్మన్న అరుపుకు వాకిట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. కల్లుకుండ తెచ్చిన కులపెద్ద ఆశన్న మాత్రం కదల్లేదు. పిల్లను అడిగినవాళ్లు పంపిన కల్లును పిల్ల తండ్రి పెద్దమనిషి ఎదుట తాగాడంటే పిల్లను ఇచ్చినట్టే. తాగకపోతే పొద్దుగూకే వేళకు కుండ వెనక్కి పోతుంది, ఆ సంబంధం ఊసు మళ్లీ ఎత్తకూడదు. సిరోంచలో వాళ్ల కులంలో అది తాతల నాటి కట్టు.

“పొద్దుగూకంగ వస్త. అందాక కుండ ఈడ్నే ఉంటది,” అని ఆశన్న వెళ్లిపోయాడు.

సమ్మన్న భార్య రాజక్క కుండను వంటింట్లోకి పట్టుకెళ్లింది. లోపల కూతురు త్రివేణి నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. చేసుకుంటే గంగయ్య కొడుకు సాగర్‌నే చేసుకుంటుందట. పిల్లవాడు బుద్ధిమంతుడని సమ్మన్నకూ తెలుసు. కానీ పోయినేడు నాట్లప్పుడు మడికి నీళ్లు కట్టే దగ్గర గంగయ్య నలుగురిలో ఓ మాట తూలాడు. కూతురు ఏడుస్తుంటే చూడలేకపోతున్నాడు గానీ, ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండిపోతోంది. పంతమే గెలిచింది.

సాయంత్రం రాజక్క తమ్ముడు నరేష్ తలుపు గడియ పెట్టి, లుంగీలో చుట్టిన విస్కీ సీసా బయటికి తీశాడు. హైదరాబాద్‌లో ఓ బారులో మందు కలపడం అతని పని. పేరుకు జిల్లా అంతా మందు బందు కాబట్టి, సెలవుకు వస్తూ నది అవతల కొని పడవలో దాటించాడు.

“బావా, పొద్దుగాల్నుంచి పరేషాన్ అయితున్నవ్. అసలు మందు ఎట్ల తాగుతరో ఇయ్యాల చూపిస్త.”

సమ్మన్న అనుమానంగా చూశాడు. “అక్కా తమ్ముడు కలిసి నాకు ఆ కల్లు తాపుదామని చూస్తున్నరా ఏంది?”

“గంత అనుమానమైతే సీలు నువ్వే తియ్యి.”

సమ్మన్న సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి, మూత చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. టక్కుమంది. గిలాస తనే కడిగాడు. పెరట్లోకి వెళ్లి నిమ్మకాయ తనే తెంపాడు. తేనె కూడా నాగేపల్లి నుంచి తను తెచ్చుకున్నదే, అయినా వాసన చూసి మరీ ఇచ్చాడు. పోలీసులు కూడా ఇంత సోదా చేయరు.

నరేష్ తేనెలో నిమ్మరసం పిండి, విస్కీ పోశాడు. రాజక్క ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తెచ్చి వేసింది.

“గీ బరఫ్ గింత తెల్లగున్నదేంది?”

“మన బోరు నీళ్ల సంగతి నీకు తెల్వదా? కాగు అడుగుకు సున్నం పట్టలే?” అంది రాజక్క, ఎటో చూస్తూ.

నిజమే, పట్టింది. సమ్మన్న సర్దుకున్నాడు. నరేష్ చెంచా పెట్టి తిప్పుతూనే ఉన్నాడు. అంతలో తలుపు చప్పుడైంది. కుండ కోసం ఆశన్న వచ్చాడు.

“కూసో కాకా, నువ్వు గూడ ఓ గిలాస తీస్కో.”

“పెద్దరికం మీద వచ్చినప్పుడు నేను ముట్ట. నువ్వు కానియ్యి,” అని ఆశన్న ఎదురుగా కూర్చున్నాడు.

ఏ మందైనా మొదటి చుక్కలు పోయినవాళ్లకు సాక పోయనిదే సమ్మన్న నోట పెట్టడు. “బాపూ, నీ పేరు మీద,” అని గిలాస వంచి నేల మీద కాస్త పోశాడు. తర్వాత ఎత్తి ఒక్క గుక్కలో పట్టించబోతే నరేష్ చెయ్యి పట్టుకున్నాడు.

“గట్ల గుంజితే ఏం తెలుస్తది బావా? ముందుగాల వాసన వట్టు. ఎనుక జరంత నాలుక మీదేస్కో. ఏండ్లకేండ్లు కట్టె పీపాల నాని వచ్చిన సరుకు ఇది. బరఫ్ కరిగినకొద్దీ దాని రుచి బయటవడ్తది.”

మొదటి గుక్క గొంతు కాల్చింది. రెండోది కాస్త మెత్తబడింది. ఇంకో రెండు గుక్కలయ్యేసరికి సమ్మన్న ముఖం విచ్చుకుంది.

“అరె! ఇప్పుడు తియ్యగ, జర పుల్లగ, ఎంత కమ్మగున్నదిరా!”

“చెప్పిన కదా బావా.”

“ఇంకిన్ని బరఫ్ ముక్కలెయ్యి!”

అడిగి మరీ వేయించుకున్నాడు. అవి కరిగేదాకా ఓపిక పట్టి, గిలాస ఖాళీ చేసి, అడుగున మిగిలిన ముక్కను కూడా కరకరా నమిలేశాడు. ఆ సంతోషంలో తొడ చరుచుకున్నాడు.

“ఇన్నవా కాకా, గంగయ్య కల్లు దీని కాలిగోటికి సరిపోదు!”

“సరే. పొద్దుగూకింది,” ఆశన్న లేచాడు. “ఇగ కుండ తెండ్రి.”

రాజక్క కుండ తెచ్చి అందరి ముందూ బోర్లించింది. ఒక్క చుక్క రాలలేదు.

సమ్మన్న నవ్వు ఆగిపోయింది. “కల్లేది? ఎవలు తాగిండ్రు?”

వంటింటి గుమ్మంలో త్రివేణి నిలబడి ఉంది. కళ్లు తడిగానే ఉన్నాయి, పెదవులు మాత్రం నవ్వాపుకోలేక అవస్థ పడుతున్నాయి. సమ్మన్న నేల వైపు చూశాడు. తండ్రి పేరు మీద పోసిన సాక నేల మీద ఇంకా ఆరనే లేదు.

“సీలు నేనే తీసిన! గిలాస నేనే కడిగిన! నిమ్మకాయ సుత నేనే తెంపిన!”

“అన్నీ నువ్వే చేసినవ్ బావా,” అంటూ నరేష్ ఖాళీ ఐసు ట్రే తెచ్చి అతని ముందు పెట్టాడు. “ఒక్క బరఫే, అక్క కల్లుతోని చేసింది.”