తెర దించే కొట్టు

“టీచర్, మనమేమైనా చచ్చిపోయామా?”

వరసలో రెండో జంటగా నడుస్తున్న బెరిల్ అడిగింది.

“ఏం మాటలవి? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. పద పద,” అంది ముందు నడుస్తున్న మిసెస్ హోల్‌రాయిడ్.

“మరి మనం కనబడగానే మిస్ టాస్కర్ కొట్టు తెర దించేస్తుందేం?”

టీచరు నడక వేగం పెంచింది.

ఆ వీధిలో శవం బండి వెళ్తుంటే కొట్లవాళ్ళు కిటికీ తెరలు దించుతారు. బండి మలుపు తిరిగాక ఎత్తుతారు. పోయినవాళ్ళకిచ్చే ఆఖరి మర్యాద అది. బతికున్నవాళ్ళకు ఎవరూ దించరు.

మిస్ టాస్కర్ మాత్రం రోజూ మధ్యాహ్నం, బడిపిల్లలు జంటలుగా చర్చి హాలుకు భోజనానికి వెళ్ళే వేళకు దించేది. వరస దాటిపోయాక ఎత్తేది.

మిగతా వేళల్లో మంచి మనిషే. యుద్ధం అయ్యాక ఎక్కణ్ణుంచో వచ్చి కొట్టు పెట్టింది. ఎక్కణ్ణుంచని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మిఠాయిలింకా రేషన్లో ఉన్న రోజులు. కూపనుకు తూచిన టాఫీ మీద చిన్న ముక్క అదనంగా వేసి, “విరిగిపోయిందిలే, ఎవరు కొంటారు?” అనేది. దాన్ని ఆమే విరిచిందని పిల్లలందరికీ తెలుసు.

ఆ వేసవిలో ఊళ్ళో పోలియో మొదలైంది. బెరిల్‌కు జ్వరం వచ్చింది. మెడ తిప్పలేకపోయింది.

తల్లి మిసెస్ ఆగ్డెన్ ఏప్రన్ కూడా విప్పకుండా కొట్టు మీదికొచ్చింది.

“నీ పాడు తెర నా పిల్ల మీద దించావు కదే! కడుపు నిండిందా ఇప్పుడు?”

మిస్ టాస్కర్ బల్ల వెనక నుంచి ఇవతలికొచ్చింది.

“పాపకెలా ఉందమ్మా?”

“నువ్వడక్కు! నీ నోటితో అసలడక్కు!”

సాయంత్రం మిసెస్ హోల్‌రాయిడ్ వచ్చింది.

“నాకు శకునాల మీద నమ్మకం లేదండీ. కానీ తల్లులకుంది. రేపట్నుంచి ఆ తెర దించకండి. గొడవ సద్దుమణుగుతుంది. లేకపోతే ఈ వీధిలో మీ కొట్టు నిలవదు.”

“నా వల్ల కాదమ్మా.”

“పోనీ, ఎవరి కోసం దించుతున్నారో అదైనా చెప్పండి.”

మిస్ టాస్కర్ ఖాళీ వీధి వైపు చూసింది.

“మీరెప్పుడూ వరస ముందు నడుస్తారు టీచరమ్మా. వెనక నడవండి. ముందు నడిస్తే పిల్లలు కనబడరు.”

మిసెస్ హోల్‌రాయిడ్‌కు ఒళ్ళు మండింది. తల నెరిసేదాకా పాఠాలు చెప్పిన మనిషికి కొట్టామె బుద్ధులు చెప్పడమా?

“పిల్లల బాధ్యత మోసినవాళ్ళకు తెలుస్తుంది ఆ భయమేమిటో. మీకేం తెలుస్తుంది?” అనేసి వచ్చేసింది.

బాగా అడిగారంటూ వీధంతా మెచ్చుకుంది. ఒకరి తర్వాత ఒకరు తమ రేషన్ పుస్తకాలు పై వీధి కొట్టుకు మార్చుకున్నారు. పుస్తకాలు పోయిన కొట్టుకు పంచదార రాదు, వెన్న రాదు.

తీరా చూస్తే బెరిల్‌కు వచ్చింది పోలియో కాదు, గవదబిళ్ళలు. కొన్నాళ్ళకే గంతులేస్తూ బడికొచ్చింది.

అయినా పుస్తకాలు వెనక్కి రాలేదు. తప్పు ఒప్పుకోవడం కన్నా పై వీధి దాకా నడవడమే తేలికనిపించింది అందరికీ.

ఖాళీ సీసాల మధ్య కూర్చుని కూడా మిస్ టాస్కర్ మధ్యాహ్నం తెర దించడం మానలేదు.

చలికాలంలో ఒకరోజు, వరస దాటుతున్నా తెర దిగలేదు.

“టీచర్, ఇవాళ దించలేదు!” బెరిల్ సంబరపడింది.

మిసెస్ హోల్‌రాయిడ్ వెనక్కి తిరిగి కొట్టు వైపు చూసింది. పిల్లల్ని అక్కడే నిలబెట్టి తలుపు తోసింది. మిస్ టాస్కర్ కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. తెర తాడు ఇంకా చేతిలోనే ఉంది.

శవం వెళ్ళిన రోజు అన్ని కొట్లూ తెరలు దించాయి. అలవాటు అలవాటే. మిసెస్ ఆగ్డెన్ తలుపు చాటున నిలబడి ఏడ్చింది.

శవం వెనక నడిచిన బంధువు ఒక్కడే, రేవు ఊరి నుంచి వచ్చిన తమ్ముడు. అంతా అయ్యాక టోపీ చేత్తో పట్టుకుని మిసెస్ హోల్‌రాయిడ్ దగ్గరకొచ్చాడు.

“మీ బడిపిల్లలు భోజనానికి ఈ దారినే వెళ్తారటగా అమ్మా?”

“అవును.”

“అందుకే ఇక్కడ కొట్టు పెట్టింది మా అక్క. యుద్ధంలో మా ఊళ్ళోనూ ఇలాగే పిల్లలు వరసగా భోజనానికి వెళ్తుంటే వెనక నడిచేవాళ్ళ మీద బాంబు పడింది. సైరన్ కూడా మోగలేదు. జనం బెదిరిపోతారని అధికారులు ఆ పోయిన పిల్లల్ని తెల్లారకుండానే పూడ్చేశారు. ఊరేగింపు లేదు, పాడు లేదు. ఒక్క కొట్టు తెర దించలేదు.”



“అయితే... ఆమె దించింది మా పిల్లలకు కాదా?”

“మీ పిల్లలకెందుకు దించుతుందమ్మా? చల్లగా ఉండాలి వాళ్ళు. మీ పిల్లల వెనకాలే మా ఊరి పిల్లలూ వస్తున్నారనేది.”



“వాళ్ళలో... మీ ఇంటి పిల్లలెవరైనా ఉన్నారా?”

“లేరమ్మా,” అన్నాడతను. “ఆ వరసకు ముందు నడిచిన టీచరు మా అక్క.”